ఎడారిలో నక్షత్రాల కింద నిశ్చితార్థం ఫొటోలు: జంట, ఆకాశం రెండూ ఒకే ఫ్రేములో ఎలా వస్తాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: పెళ్లి ఫొటోలు తీయడం బాగానే వచ్చు, రాత్రి ఆకాశాన్ని మాత్రం ఎప్పుడూ తీయలేదు. ఒక జంట తమ నిశ్చితార్థం ఫొటోలు ఎడారిలో పాలపుంత కింద కావాలని అడిగారు. మీ దగ్గర ఫుల్ ఫ్రేమ్ కెమెరా, 24-70 ఎఫ్/2.8, 35 ఎఫ్/1.8 లెన్స్‌లు (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు తీసుకుంటుంది), ఒక ఫ్లాష్, ఒక ట్రైపాడ్ ఉన్నాయి. మేడ మీద ప్రయత్నిస్తే, నక్షత్రాలు వచ్చిన ఫొటోలో మనుషులు నల్లగా ఉన్నారు, ఫ్లాష్ వేస్తే మొహాలు తెల్లగా పాలిపోయాయి. ఆన్‌లైన్‌లో కనిపించే ఫొటోలు అసలు నిజమేనా, కొత్త లెన్స్ కొనాలా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. వస్తాయి, ఉన్న సామానుతోనే వస్తాయి. 24 మి.మీ., ఎఫ్/2.8, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 6400, షట్టర్ 13 నుంచి 15 సెకన్లు. జంట కెమెరాకు ఏడెనిమిది మీటర్ల దూరంలో ఉండాలి. ఫోకస్ నక్షత్రాల మీద. వాళ్ల మీద వేసే వెలుగు మీరు అనుకుంటున్నదానికంటే చాలా తక్కువ. అయితే రాత్రంతా షూట్ పెట్టుకోకండి. ఆల్బమ్‌లో నక్షత్రాలున్న ఫొటోలు మూడో నాలుగో ఉంటే చాలు. దగ్గరి పోర్ట్రెయిట్లు, నవ్వులు, నడకలు అన్నీ పొద్దు వాలేటప్పుడు, ఆ తర్వాత నీలి వెలుగు ఉన్న అరగంటలో తీసేయండి. ఈ మాట జంటకు ముందే చెప్పి ఒప్పిస్తే మీ టెన్షన్ సగం తగ్గిపోతుంది.

మూడో నాలుగో అని ఎందుకంటున్నానంటే, చీకట్లో ఒక్క మంచి ఫ్రేముకు అరగంట ఇట్టే పోతుంది. మనుషుల్ని నిలబెట్టాలి, లైటు జరపాలి, ఫోకస్ చూడాలి, తీయాలి, పెద్దది చేసి చూసుకోవాలి, మళ్లీ తీయాలి. ఈలోగా చలి పెరుగుతుంది. ఎడారిలో గాలి పొడిగా ఉంటుంది, మబ్బుండదు, పగలు కాలిన ఇసుక రాత్రి తన వేడిని గబగబా వదిలేస్తుంది. సాయంత్రం చేతుల్లేని గౌనులో హాయిగా ఉన్న అమ్మాయి పదిగంటలకు చలికి వణుకుతూ ఉంటుంది. అది మొహంలో కనిపిస్తుంది.

జంట చిన్నగానే వస్తుంది

చాలామంది కొత్తవాళ్లకు ఇది మింగుడుపడదు. 24 మి.మీ. లెన్స్‌ను ఎఫ్/2.8 దగ్గర నక్షత్రాల మీద ఫోకస్ చేస్తే, సుమారు ఏడు మీటర్ల నుంచి అవతల ఉన్నదంతా చూడ్డానికి స్పష్టంగానే ఉంటుంది. అంతకంటే దగ్గరికొస్తే మొహాలు మెత్తబడతాయి. ఏడు మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి, అడ్డంగా పట్టిన ఫ్రేము ఎత్తులో దాదాపు నాలుగో వంతు వస్తాడు. అంతే. నిలువుగా పడితే ఇంకా చిన్నగా. మీ 35 ఎఫ్/1.8 ను పూర్తిగా తెరిచి ఇదే పని చేయాలంటే జంటను ఇరవై మీటర్లకు పైగా దూరం పంపాలి. అందుకే ఒకే షాట్‌లో తీసేటప్పుడు 35 బయటికి తీయకండి.

చిన్నగా రావడం లోపం కాదు. ఎడారిలో ఆకాశం పెద్దగా ఉండటమే కదా వాళ్లు కోరుకున్నది. మొహం గుర్తుపట్టేటంత పెద్దగా కావాలని క్లయింట్ పట్టుబడితే, దానికి వేరే పద్ధతి ఉంది, కింద చెప్తాను.

ఫోకస్ కోసం ఆటోఫోకస్‌ను నమ్మకండి. మాన్యువల్‌లో పెట్టి, లైవ్ వ్యూలో ప్రకాశవంతమైన నక్షత్రాన్నో గ్రహాన్నో పదింతలు పెద్దది చేసి, చుక్క వీలైనంత చిన్నదయ్యే దాకా రింగ్ తిప్పండి. తర్వాత రింగ్ మీద టేప్ అతికించేయండి. జూమ్ రింగ్ మీద కూడా. చీకట్లో చెయ్యి తగిలి 24 కాస్తా 28 అయిపోతే ఫోకస్ మళ్లీ మొదటికొస్తుంది.

షట్టర్ ఎంతసేపు అనేదానికి అందరూ చెప్పే లెక్క 500 ను ఫోకల్ లెంగ్త్‌తో భాగించడం. 24 మి.మీ.కు సుమారు 20 సెకన్లు. ఆకాశం గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద ఈ లెక్క ప్రకారం తీస్తే నక్షత్రం ఆరు పిక్సెళ్ల దాకా సాగుతుంది. ఫోన్లో చూస్తే ఎవరికీ తెలియదు, గోడకు వేలాడే పెద్ద ప్రింటులో తెలుస్తుంది. నేను 13 సెకన్ల దగ్గర ఆగుతాను. దానికి ఇంకో కారణం, మనుషులు 20 సెకన్లు కదలకుండా ఉండలేరు.

వెలుగు: అసలు కష్టం ఇక్కడే

మేడ మీద మీకు మొహాలు పాలిపోవడానికి కారణం ఫ్లాష్ చెడ్డదై కాదు. మామూలు స్పీడ్‌లైట్‌ను, అంటే కెమెరా మీద తగిలించే ఫ్లాష్‌ను, 24 మి.మీ. జూమ్ దగ్గర, అతి తక్కువైన 1/128 పవర్‌లో పెట్టినా, ఐఎస్‌ఓ 6400, ఎఫ్/2.8 దగ్గర ఆరేడు మీటర్ల దూరంలోని మనిషికి పూర్తి ఎక్స్‌పోజర్ ఇచ్చేస్తుంది. మనకు కావలసింది పూర్తి ఎక్స్‌పోజర్ కూడా కాదు. నక్షత్రాల కింద ఉన్న మనిషి పట్టపగల్లా కనిపిస్తే ఆ ఫొటో అబద్ధంలా ఉంటుంది. ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గాలి (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగమవుతుంది). కాబట్టి ఫ్లాష్‌ను మూడు నాలుగు మీటర్ల దగ్గర పెడితే 1/128 కూడా విపరీతమే. ఏం చేయాలంటే ఫ్లాష్ ముందు చిన్న సాఫ్ట్‌బాక్స్ పెట్టి, లోపల న్యూట్రల్ డెన్సిటీ జెల్ (రంగు మార్చకుండా వెలుగును తగ్గించే పలచటి షీటు) అతికించండి. జెల్ లేకపోతే తెల్లటి గుడ్డ నాలుగు మడతలు వేసి కట్టండి. అందంగా ఉండదు, పని చేస్తుంది.

రంగు సంగతి. రాత్రి ఆకాశానికి నేను వైట్ బ్యాలెన్స్ (ఏ రంగు వెలుగును తెలుపుగా చూపాలో చెప్పే సెట్టింగ్) 4000 కెల్విన్ దగ్గర పెడతాను. వెలుగు కెల్విన్ అంకె పెరిగేకొద్దీ నీలంగా ఉంటుంది. ఫ్లాష్ వెలుగు 5500 దగ్గర ఉంటుంది. అంటే మొహాలు నీలంగా, జబ్బుపడ్డట్టు కనిపిస్తాయి. హాఫ్ సీటీవో అనే నారింజ జెల్ వేస్తే ఫ్లాష్ 3800 దగ్గరికి దిగి చర్మం మామూలు రంగుకొస్తుంది. ఫుల్ సీటీవో వేస్తే దీపం వెలుగులా ఇంకా వెచ్చగా ఉంటుంది. లాంతరు చేతిలో పట్టుకున్న ఫొటోలకు అదే సరిపోతుంది.

ఫ్లాష్‌ను కెమెరా మీద ఉంచకండి. లైట్ స్టాండ్ మీద పెట్టి పక్క నుంచి, తల కంటే కొంచెం ఎత్తు నుంచి వేయండి. అప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. స్టాండ్ దగ్గరున్న ఇసుక మనుషుల కంటే ఫ్లాష్‌కు దగ్గర, పైగా లేత రంగు. ఫ్రేములో ఒక మూల తెల్లటి మచ్చ మండిపోతూ కనిపిస్తుంది. ఫ్లాష్ కింది అంచుకు నల్ల అట్టముక్క అడ్డంగా అతికిస్తే వెలుగు నేల మీద పడకుండా మనుషుల మీదికే వెళ్తుంది. నా బ్యాగులో వెలుగు చెదరకుండా ఆపే ఖరీదైన గ్రిడ్ ఉన్నా, గాలి వీచే చోట ఈ అట్టముక్కే వాడతాను.

మరి ఫ్లాష్ బదులు ఎల్ఈడీ ప్యానెల్ వాడొచ్చా? వాడొచ్చు. కనిష్ఠ స్థాయిలో పెట్టి దూరంగా జరపాలి. లేదంటే 13 సెకన్లలో ఒక్క సెకను మాత్రమే వెలిగించి ఆర్పేయాలి. కానీ వెలిగి ఉన్నంతసేపు మనుషుల కదలిక రికార్డవుతుంది. ఫ్లాష్ సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువసేపు వెలిగి ఆరిపోతుంది, మొహం అక్కడే ఆగిపోతుంది. పెద్దగా కదలని జంటైతే ఎల్ఈడీ, మిగతావాళ్లకు ఫ్లాష్.

"ఫ్లాష్ అయిపోయింది కదా, కదలొచ్చా?"

ప్రతి జంటా అడిగే ప్రశ్న ఇది. కదలకూడదు. ఫ్లాష్ పడ్డాక షట్టర్ ఇంకా పన్నెండు సెకన్లు తెరిచే ఉంటుంది. తల వెనక ఆకాశం ఉందనుకోండి, తల పక్కకు జరిగిన క్షణం నుంచి ఆ చోట ఆకాశం సెన్సర్ మీద పడుతుంది. చెంపలోంచి నక్షత్రాలు కనిపిస్తాయి. జుట్టు అంచు పొగలా అవుతుంది. అదే తల వెనక చీకటి ఇసుక దిబ్బ ఉంటే కదిలినా పెద్దగా తెలియదు, చీకటి మీద చీకటే పడుతుంది కాబట్టి.

ఇందులోంచి ఒక చిట్కా పుడుతుంది. వాళ్ల వెనక భుజాల దాకా దిబ్బ, అక్కణ్నుంచి పైకి ఆకాశం వచ్చేలా కెమెరా ఎత్తు చూసుకోండి. చేతులు, బట్టలు కాస్త కదిలినా దిబ్బ దాచేస్తుంది. ఇక వాళ్లు జాగ్రత్తగా ఉంచాల్సింది తలలే.

నిలబెట్టడం కంటే కూర్చోబెట్టడం మేలు. ఇసుకలో నిలబడితే కాళ్లు మెల్లగా దిగుతూ ఉంటాయి, మనిషి తెలియకుండానే ఊగుతాడు. ఒకసారి ఒక అబ్బాయి ఎంత చెప్పినా కుదురుగా నిలబడలేకపోయాడు, నవ్వొచ్చేసేది. ఇద్దర్నీ దిబ్బ అంచు మీద వీపుకు వీపు ఆనించి కూర్చోబెట్టాను. ఒకరి బరువు ఒకరి మీద పడేసరికి ఊగడం ఆగిపోయింది. నుదుళ్లు ఆనించుకోవడం కూడా బాగా నిలుస్తుంది. పైగా కళ్లు మూసుకోవచ్చు. చీకటికి అలవాటుపడి కనుపాపలు బాగా తెరుచుకుని ఉంటాయి, ఫ్లాష్ వాటికి దెబ్బలా తగులుతుంది, కళ్లు తెరిచి చూడమంటే నీళ్లొస్తాయి. ముద్దు పోజు మాత్రం వద్దు. పదమూడు సెకన్ల ముద్దులో నాలుగో సెకనుకే ఒకరికి నవ్వొస్తుంది.

ఫ్లాష్ మొదట్లో వెలగాలా, చివర్లోనా అని వాదనలు జరుగుతుంటాయి. నేను మొదట్లోనే వెలిగిస్తాను. చివర్లో పెడితే ఎప్పుడు వెలుగుతుందో అని ఎదురుచూస్తూ మొహాలు బిగుసుకుపోతాయి. మొదట వెలిగాక నేను గట్టిగా అంకెలు లెక్కపెడతాను. ఎంతసేపు మిగిలిందో తెలిస్తే మనుషులు ఓపిక పడతారు.

గాలి గురించి ఒక్క మాట. పొడుగాటి గౌను అంచు ఎగిరితే, ఫ్లాష్‌లో పడ్డ అంచు ఒకచోట, దాని మసక మరోచోట వస్తుంది. నేను అంచు మీద దోసెడు ఇసుక పోసి కప్పేస్తాను. ఇసుకలో ఇసుక, ఎవరికీ కనిపించదు.

మొహాలు పెద్దగా కావాలంటే: రెండు ఫ్రేములు

ట్రైపాడ్ కదపకుండా రెండు విడివిడి షాట్లు తీసి కలపడం. మొదటిది జంట కోసం: ఫోకస్ మొహాల మీద, షట్టర్ అర సెకనో అంతకంటే తక్కువో, ఫ్లాష్‌తో. రెండోది ఆకాశం కోసం: ఫోకస్ నక్షత్రాల మీద, 13 సెకన్లు. వీలైతే ఆకాశం షాట్ వరసగా ఎనిమిదో పదో తీసి స్టాకింగ్ చేయండి, అంటే సాఫ్ట్‌వేర్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి సగటు తీయండి. తొమ్మిది ఫ్రేములు కలిపితే నాయిస్ (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలు) మూడో వంతుకు పడిపోతుంది. ఇసుక కోసం ఐఎస్‌ఓ తగ్గించి రెండు మూడు నిమిషాల షాట్ ఒకటి విడిగా తీస్తే నేల మీది అలలు కూడా శుభ్రంగా వస్తాయి.

ఇక్కడ అందరూ చిక్కుకునేది జుట్టు దగ్గర. జంట వెళ్లిపోయాక తీసిన ఆకాశాన్ని లైటెన్ మోడ్‌లో (రెండు ఫొటోల్లో ఎక్కువ వెలుగున్న చుక్కనే ఉంచే పద్ధతి) పైన పరిస్తే, నల్లటి జుట్టులోంచి నక్షత్రాలు తొంగిచూస్తాయి. అందుకని ఆకాశం షాట్ ఒకటి జంట అక్కడ ఉండగానే, ఫ్లాష్ లేకుండా తీయండి. వాళ్లు నల్లటి నీడలా వస్తారు, కొంచెం కదిలినా పర్వాలేదు. తర్వాత వాళ్లను పంపేసి మిగతావి తీయండి. ఏ భాగం ఏ షాట్ నుంచి రావాలో చెప్పే మాస్క్ గీసేటప్పుడు ఆ నీడ ఫ్రేము ప్రాణం కాపాడుతుంది.

ఇదే పద్ధతిని నీలి వెలుగుతో కూడా చేయొచ్చు. సూర్యుడు దిగంతానికి ఆరు నుంచి పన్నెండు డిగ్రీల కింద ఉన్నప్పుడు జంటను తీసి, ట్రైపాడ్ అలాగే వదిలేసి, పూర్తి చీకటి పడ్డాక ఆకాశం తీయడం. పూర్తి చీకటి అంటే సూర్యుడు 18 డిగ్రీల కిందికి దిగాలి. ఉష్ణమండలానికి దగ్గరి ఎడారుల్లో సూర్యాస్తమయం తర్వాత అది గంటంబావు నుంచి గంటన్నర. జంటకు చీకట్లో అవస్థ ఉండదు, వాళ్లు ఈలోగా వేడిగా ఏదైనా తాగుతూ కూర్చోవచ్చు. కష్టమంతా ట్రైపాడ్‌ది. ఇసుకలో అది గంటసేపట్లో కొంచెమైనా దిగుతుంది. కాళ్లను గట్టిగా నొక్కి లోపలికి దింపండి, వీలైతే ఒక్కో కాలి కింద చదునైన పలకముక్క పెట్టండి. బ్యాగు వేలాడదీస్తే అది గాలికి ఊగి మొత్తాన్ని ఊపుతుంది, నేలకు ఆనేలా కట్టండి.

తేదీ ఎలా ఎంచుకోవాలి

అమావాస్య రాత్రే రావాలని అందరూ అంటారు. పాలపుంతను ఒంటరిగా తీయడానికైతే అది నిజమే. జంటను తీయడానికి నాకు ఇష్టమైనవి శుద్ధ తదియ నుంచి పంచమి దాకా. చంద్రుడు రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు కాబట్టి, ఈ రోజుల్లో సూర్యాస్తమయం తర్వాత రెండు నుంచి నాలుగు గంటలు నెలవంక ఉంటుంది. ఆ పలుచటి వెలుగు దిబ్బల మీద ఏటవాలుగా పడి ఇసుక అలల్ని చూపిస్తుంది, ఆకాశాన్ని పెద్దగా చెరపదు. అమావాస్య నాడు ఇసుక ఒట్టి నల్లటి ముద్ద. నెలవంక దిగిపోయాక పాలపుంత షాట్లు తీసుకోవచ్చు. ఒకే రాత్రిలో రెండు రకాల ఫొటోలు.

అష్టమి చంద్రుడు సగం బింబమే అయినా, పౌర్ణమి వెలుగులో పదో వంతు దగ్గరే ఇస్తాడు. కాబట్టి అష్టమి కుదిరినా కంగారుపడకండి. పౌర్ణమి తప్ప వేరే తేదీ దొరక్కపోతే పాలపుంత ఆశ వదిలేసి చంద్రుణ్నే వాడుకోండి. ఆకాశంలో చంద్రబింబం అర డిగ్రీ వెడల్పు. దాదాపు 200 మీటర్ల దూరంలో నిలబడ్డ మనిషి ఎత్తూ, ఆ బింబం ఎత్తూ సమానంగా కనిపిస్తాయి. జంటను దిబ్బ శిఖరం మీద నిలబెట్టి, మీరు 200 మీటర్లు వెనక్కి వెళ్లి 400 మి.మీ. లెన్స్‌తో చూస్తే, లేస్తున్న చంద్రుడి లోపల ఇద్దరూ సరిగ్గా ఇమిడిపోతారు. పౌర్ణమికి ముందు రోజైతే చంద్రుడు సూర్యాస్తమయానికి కాస్త ముందే లేస్తాడు, ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది, ఎక్స్‌పోజర్ సులువు. ఈ షాట్‌కు ఫ్లాష్ అక్కర్లేదు, ఫోన్‌లో మాట్లాడుకుంటూ నడిపించాలి, చంద్రుడు మీ కోసం ఆగడు గనక ఒక్క అడుగు అటూ ఇటూ మీరే పరుగెత్తాలి.

నెల కూడా ముఖ్యం. పాలపుంత మధ్యభాగం ధనుస్సు రాశి వైపు ఉంటుంది. ఉత్తరార్ధగోళంలో మార్చి, ఏప్రిల్‌లో తెల్లవారుజామున, జూన్, జులైలో అర్ధరాత్రి, సెప్టెంబరు నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా చీకటి పడగానే నైరుతి వైపు నిలువుగా కనిపిస్తుంది. జంటల్ని తెల్లవారుజామున మూడింటికి లేపడం కంటే సెప్టెంబరు ఎంతో నయం. థార్ ఎడారి నుంచి ఈ మధ్యభాగం దక్షిణాన 34 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కదు, జంట తలల వెనక పెట్టడానికి అనువైన ఎత్తు. దక్షిణార్ధగోళపు ఎడారులైన నమీబ్‌లోనో అటకామాలోనో అయితే దాదాపు నడినెత్తి మీదికి వస్తుంది. చూడ్డానికి అద్భుతం, ఫ్రేములో జంటతో కలపడానికి నడుం వంచాల్సిందే.

డిసెంబరు, జనవరి అంటే పాలపుంత మధ్యభాగం పగటిపూట ఉంటుంది, దొరకదు. క్లయింట్‌కు ఇది ముందే చెప్పకపోతే గొడవైపోతుంది. అయినా చలికాలపు ఆకాశం తక్కువదేం కాదు. ఓరియన్, సిరియస్, కృత్తికలు, రోహిణి, ఆరుద్ర అన్నీ తూర్పు నుంచి పైకి వస్తుంటాయి. లెన్స్ ముందు మెత్తటి డిఫ్యూజన్ ఫిల్టర్ వేస్తే పెద్ద నక్షత్రాలు ఉబ్బి, ఓరియన్ ఆకారం కంటికి కనిపించినట్టే ఫొటోలోనూ కనిపిస్తుంది. నిజం చెప్పాలంటే, పాలపుంత ఫొటోలు చూసి చూసి నాకిప్పుడు ఇవే ఎక్కువ నచ్చుతున్నాయి.

చోటు

ఎడారి అనగానే చీకటి ఉంటుందనుకోకండి. ఆకాశం చీకటిని కొలవడానికి జాన్ బోర్టిల్ 2001 లో ఇచ్చిన తొమ్మిది తరగతుల కొలమానం ఉంది, 1 అంటే కటిక చీకటి, 9 అంటే నగరం నడిబొడ్డు. మూడో తరగతి, అంతకంటే మంచిది దొరికితే ఆలోచించకుండా వెళ్లండి. నాలుగు కూడా పనికొస్తుంది, అయితే పట్టణం ఏ దిక్కున ఉందో చూసుకోవాలి. యాభై కిలోమీటర్ల అవతలి పట్టణం కూడా దిగంతం మీద నారింజ గుడ్డ పరిచినట్టు కనిపిస్తుంది. మీరు దక్షిణానికి తిరిగి తీస్తారు గనక పట్టణానికి దక్షిణంగా వెళ్లాలి, అప్పుడు ఆ వెలుగు మీ వీపు వెనక పడుతుంది.

పర్యాటక క్యాంపుల్లో దిగితే అక్కడి లైట్ల గురించి ముందే మాట్లాడుకోండి. ఒకచోట రాత్రి లైట్లన్నీ ఆర్పేస్తామని మాటిచ్చి, సరిగ్గా మేం మొదలుపెట్టే వేళకు భద్రత పేరు చెప్పి ఫ్లడ్ లైట్ వేశారు. మా అదృష్టం కొద్దీ అవతల ఒక పెద్ద దిబ్బ ఉంది, దాని వెనక్కి వెళ్లి పని కానిచ్చాం. అప్పటి నుంచి క్యాంపు కనిపించని చోటునే పగటిపూట వెతికి పెట్టుకుంటున్నాను.

పగలు వెళ్లినప్పుడు అడుగుజాడల గురించి కూడా ఆలోచించండి. ఫ్రేములో పడే దిబ్బను ఎవ్వరూ తొక్కకూడదు. జంటను వెనక వైపు నుంచి శిఖరం ఎక్కించండి. లైట్ స్టాండ్ పెట్టేవాళ్లు కూడా అటు నుంచే. రాత్రి పక్క వెలుగులో ఒక్కో అడుగూ గుంతలా కనిపిస్తుంది, ఎడిటింగ్‌లో తుడవడం నరకం.

ఇసుక, చలి, పురుగూ పుట్రా గురించి గబగబా చెప్పేస్తాను. అక్కడ లెన్స్ మార్చకండి, రెండు కెమెరా బాడీలుంటే రెండు లెన్స్‌లు ముందే తగిలించుకుని వెళ్లండి. గాజు మీద ఇసుక పడితే గుడ్డతో రుద్దకండి, బ్లోయర్‌తో ఊదండి. చలికి బ్యాటరీలు త్వరగా దిగిపోతాయి, అదనపువి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచండి. చల్లబడ్డ కెమెరాను వెచ్చటి గుడారంలోకి తీసుకెళ్లే ముందు జిప్ కవర్లో పెట్టి మూసేయండి, లేకపోతే తేమ పడుతుంది. చీకట్లో దిబ్బలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి బండి ఆపిన చోటును ఫోన్ మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి. ఎర్ర వెలుగు టార్చి వాడండి, తెల్లటిది ఒక్కసారి వెలిగిందా, కళ్లు మళ్లీ చీకటికి అలవాటు పడటానికి ఇరవై, ముప్ఫై నిమిషాలు పడుతుంది. ఇంకొకటి, చిన్న అతినీలలోహిత టార్చి. తేళ్లు ఆ వెలుగులో ఆకుపచ్చగా మెరుస్తాయి. జంటను ఇసుకలో కూర్చోబెట్టే ముందు చుట్టూ ఒకసారి తిప్పి చూడటం నాకు అలవాటు. ఎంత అందమైన పోజైనా సరే, చెప్పులు విప్పించను.

ఆన్‌లైన్ ఫొటోలు నిజమేనా?

కొన్ని నిజం, చాలావరకు కలిపినవి. కలపడంలో నాకు అభ్యంతరం లేదు, అదే రాత్రి, అదే ట్రైపాడ్, అదే దిక్కు అయితే. వేరే చోటి పాలపుంతను తెచ్చి అతికించడం నేను చేయను, క్లయింట్ అడిగినా చేయను. పట్టుకోవడం కూడా కష్టమేం కాదు. నడుము పైదాకా పెద్ద పోర్ట్రెయిట్, వెనక సూది మొనల్లాంటి నక్షత్రాలు ఉంటే అది ఒకే షాట్ అయ్యే అవకాశం లేదు. 85 మి.మీ. ఎఫ్/1.8 తో నాలుగు మీటర్ల దూరంలోని మొహం మీద ఫోకస్ చేస్తే వెనక నక్షత్రాలు పెద్ద పెద్ద బిళ్లలై పలచబడి మాయమవుతాయి. పడమట ఇంకా ఎర్రటి సంధ్య ఉండగానే పక్కన పాలపుంత ధగధగలాడుతుంటే అదీ అతికించినదే. నిండు చంద్రుడి పక్కన పాలపుంత ఉన్నా అంతే. మీరు కలిపి ఇస్తే కలిపామని జంటకు చెప్పండి. చెప్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ రాత్రి తాము చూసిన ఆకాశం అదేనా కాదా అన్నదే వాళ్లకు కావాలి.

ఇక లెన్స్. ఇప్పుడే కొనకండి. ఈ ఒక్క షూట్ కోసమైతే 20 మి.మీ. ఎఫ్/1.8 అద్దెకు తెచ్చుకోండి, మీ 24-70 కంటే ఒక స్టాపుకు పైగా ఎక్కువ వెలుగు వస్తుంది, అంటే ఐఎస్‌ఓ 6400 బదులు 3200 లోపే పని జరుగుతుంది. దాన్ని ఎఫ్/2 దగ్గర వాడితే జంట దూరం మళ్లీ ఏడు మీటర్ల దగ్గరే ఉంటుంది. డబ్బు పెట్టాలనుకుంటే ముందు బరువైన లైట్ స్టాండ్, ఫ్లాష్ ట్రిగ్గర్, సీటీవో, న్యూట్రల్ డెన్సిటీ జెల్స్ కొనండి. వెళ్లే ముందు ఊరి బయట చీకటి చోటు చూసుకుని, ఇద్దరు స్నేహితుల్ని ఏడు మీటర్ల దూరంలో కూర్చోబెట్టి ఫ్లాష్‌కు ఎన్ని పొరలు జెల్ కావాలో తేల్చుకోండి. ఆ సంఖ్య కాగితం మీద రాసి ఫ్లాష్‌కే అతికించండి. రా ఫైలు (కెమెరా ఏ మార్పూ చేయకుండా ఇచ్చే అసలు ఫైలు) ఒకటి ఇక్కడ పెడితే వెలుగు ఎక్కువైందో తక్కువైందో చూసి చెప్తాను.